గోల్కొండ పేరు, రామళ్లకోట వజ్రం

తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాల కోసం వెతుకులాడతారు. ఒక రాయి దొరికితే చాలు, వార్తలోకి గోల్కొండ పేరు వచ్చి చేరుతుంది. గోల్కొండలో రాజుండేవాడు, సుంకముండేది, అంగడి ఉండేది. గని మాత్రం లేదు. గనులు కృష్ణ ఒడ్డున కొల్లూరులోనూ, మన సీమ నేలలోనూ ఉండేవి. మద్రాసు యూదు వర్తకుల మీద రాసేవాళ్లు కూడా ఈ పాత అలవాటే పాటించి, వాళ్లంతా ‘గోల్కొండ గనుల’కు పోయారని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. ఆ ముక్క వెనక ఏ ఊళ్లు దాగున్నాయో అడగాల్సింది మనమే.

మనకున్న పెద్ద సాక్షి ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియర్. 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో అతడు ‘రావొల్కొండ’ అనే గనిని వర్ణించాడు. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన భూగర్భ శాస్త్రజ్ఞుడు వాలెంటైన్ బాల్ మొదట అది రాయచూరు అంతర్వేదిలోని రౌడుకొండ అన్నాడు. 1889లో అనువాదం వెలువడేనాటికి మాట మార్చి, మన రామళ్లకోటకు ఆ గౌరవం కట్టబెట్టాడు. మార్చాక చెప్పిందే సరి. టావెర్నియర్ లెక్కలో ఆ గని గోల్కొండకు అయిదు రోజుల దారి, బీజాపూరుకు ఎనిమిది తొమ్మిది రోజుల దారి. అంటే గోల్కొండే దగ్గర. పటం ముందు పెట్టుకుంటే రామళ్లకోటకు ఈ మాట కుదురుతుంది. రౌడుకొండకు తలకిందులవుతుంది, అక్కడినుంచి బీజాపూరే దగ్గర. దారిలో అతడు చెప్పిన మజిలీలు ఇంకా గట్టి సాక్ష్యం. రెండు రాజ్యాల హద్దుగా ఉన్న నది దాటాక ‘అల్‌పూర్’, ఆ తర్వాత ‘కనోల్’, ఆపైన గని. కృష్ణ దాటి దక్షిణానికి వచ్చేవాడికి ముందు అలంపురం, తర్వాత కర్నూలు, వెల్దుర్తి వైపు సాగితే రామళ్లకోట. ఈ వరసను రాయచూరు దారిలో ఎట్లా అమరుస్తారు?

ఎదురువాదాలు లేకపోలేదు. బీజాపూరు సుల్తాను ఏలుబడిలో ఉన్న గని అంత దూరంగా, కర్నూలు పక్కన ఎట్లా ఉంటుందంటారు. హంద్రి ఒడ్డున అబ్దుల్ వహాబు గుమ్మటం చూసినవాళ్లు ఈ ప్రశ్న వేయరు. అతడు బీజాపూరు తరఫునే కర్నూలు నేలినవాడు. రెండోది, పేరు. గండికోటను ‘గండికోట్’ అని సరిగ్గానే రాసినవాడు రామళ్లకోటను ‘కొండ’గా ఎందుకు మారుస్తాడు? ఇది బరువైన అభ్యంతరమే, కాదనను. అయితే పరదేశి చెవికి పేరు తప్పుగా వినబడవచ్చు. నడిచిన ఊళ్ల వరస మారడం అంత సులభం కాదు. పైగా రాతి సందుల్లో ఇనుప కొక్కేలతో మట్టి లాగేవాళ్లని అతడు రాసిన తీరు వజ్రాలున్న మన బనగానపల్లె రాళ్లకు సరిపోతుంది. భూగర్భ శాస్త్రజ్ఞుడు కింగ్ 1872లో ఈ నేల రాళ్ల గురించి రాసినప్పుడు కడప, కర్నూలు పేర్లే పెట్టాడు, గోల్కొండ పేరు కాదు.

ఇక యూదుల సంగతి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి మద్రాసు చేరిన జాక్ ద పైవా గనులదాకా పోయివచ్చి 1687లో చనిపోయాడు. పెద్దనాయకన్‌పేటలోని యూదుల శ్మశానంలో పూడ్చారు. మరుసటేడు ఏర్పడిన మద్రాసు కార్పొరేషన్‌లో ముగ్గురు యూదు వర్తకులకు చోటు దక్కింది. పైవాను పట్టుకొచ్చి రామళ్లకోటలో దింపాలన్న ఉత్సాహం మన ఊరివాళ్లలో కొందరికుంది. ఊరి మీద ప్రేమ ఉన్నంత మాత్రాన సాక్ష్యం పుట్టదు. ‘గోల్కొండ గనులు’ అన్న మాట చూసి మన ఊరి పేరు రాసుకుంటే, బాల్ మొదట చేసిన పొరపాటే మనమూ చేసినట్టు. చెప్పగలిగింది ఇంతే: శనివారం వ్యాపారం ముట్టని, తిండి విషయంలో గట్టి నియమమున్న మనిషి ఈ గనుల అంగట్లో వింతగా కనిపించడు. టావెర్నియర్ చూసిన బేరగాళ్లు బనియాలు. వాళ్లకూ తిండి మడి ఉంది. పైగా ఆ బేరానికి భాష కూడా అక్కర్లేదు. నడికట్టు బట్ట కింద చేయి పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలయితే నూరు, వేలి కొస అయితే పది. మన పశువుల సంతల్లో తువ్వాల కింద వేళ్లు నొక్కి బేరమాడేది ఇదే పద్ధతి.

ఆ వర్తకం ఒకవైపే సాగలేదు. ఇటలీలోని లివోర్నో యూదు వర్తకులు మధ్యధరా సముద్రపు పగడాన్ని మద్రాసుకు పంపి, బదులుగా వజ్రాలు తెప్పించుకున్నారు. జార్జిటౌన్‌లో పగడాల వర్తకుల పేరున వీధి ఈనాటికీ ఉంది. మన ఆడవాళ్లు తాళిబొట్టు పక్కన నల్లపూసల్లో పగడం గుచ్చుకుంటారు, అది ఏ సముద్రానిదని ఎవరూ అడగరు. వజ్రం పోయిన దారి అడిగితే మాత్రం అందరూ గోల్కొండే అంటారు. ఆ దారి అలంపురం, కర్నూలు మీదుగా రామళ్లకోటకు చేరుతుందని టావెర్నియర్ మజిలీలే చెబుతున్నాయి. ఊరి మొగదల బోర్డు పెడితే అందులో ఆ మూడు పేర్లూ వరసగా రాయాలి. పైవా పేరు రాయకూడదు.