గోపన్నకు ముందు దమ్మక్క

భద్రాచలం చరిత్రను మనం 17వ శతాబ్దపు కంచర్ల గోపన్నతో, ఆయన గోల్కొండ చెరతో మొదలుపెడతాం. స్థల సంప్రదాయం మాత్రం అంతకుముందే, కల ఆధారంగా పుట్టలో రాముని విగ్రహాలను కనుగొన్న భద్రిరెడ్డిపాలెం పోకల దమ్మక్కతో మొదలవుతుంది. చెట్టు కింద రాలిన తాటిపండునే నైవేద్యం పెట్టి, పందిరి వేసి, ఆ తల్లి రోజూ కొలిచిందంటారు. శాసనం లేని కథ చరిత్ర ఎలా అవుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, ఆమెకు వచ్చిన కలను ఎవరూ రుజువు చేయలేరు. కానీ రాతిగుడి కట్టించిన పాల్వంచ తహశీల్దారు గోపన్న ఉండగా, పేద అడవి మనిషికి తొలిపూజ కట్టబెట్టాల్సిన అవసరం ఎవరికుంది? తాటిపండు రాజుల నైవేద్యం కాదు, కోయపల్లెల తిండి. ఆ వివరం అడవిలోంచే వచ్చిందని నా నమ్మకం. గోపన్న కీర్తనలు పాడేచోట దమ్మక్క పేరూ అంతే గట్టిగా వినిపించాలి.