నీళ్ళ పెత్తనం

బాలి ద్వీపం చూసొచ్చిన వాళ్ళింట్లో ఆల్బం తిరగేస్తే ఒక ఫొటో తప్పకుండా వుంటుంది. పొగమంచు కమ్మిన కొండలు, వాటి ముందు సరస్సు, ఆ నీళ్ళ మీద తేలుతున్నట్టు పదకొండు నల్లని గొడుగులు దొంతరగా పేర్చిన గుడి. 2005లో ఇండొనీషియా వాళ్ళు వేసిన యాభైవేల రూపియా నోటు మీదా ఈ గుడి బొమ్మే. నేనూ ఆ ఫొటో కోసమే వెళ్ళానని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

గుడి పేరు ఉలున్ దాను బ్రతాన్. బెదుగుల్ కొండల్లో, సుమారు 1,200 మీటర్ల ఎత్తున, బ్రతాన్ సరస్సు వొడ్డున వుంది. దారిలో కొండవాలంతా మెట్లు మెట్లుగా వరి మళ్ళు. వాటి సంగతి తర్వాత చెబుతాను. కింద సముద్రం దగ్గర చెమటలు కారాయా, పైన పైట భుజాల నిండా కప్పుకున్నాను. 1630లలో మెంగ్వి రాజు కట్టించాడంటారు. ఆ గొడుగులు గొడుగులు కావుట, మేరుపర్వతంట! పేరూ 'మేరు'వే. ఆవరణలోనే ఒక బౌద్ధ స్తూపం కూడా వుంది, ఎవరికీ పేచీ లేకుండా.

లోపలున్నది శివుడా, విష్ణువా అని నేను ఆరా తీస్తూంటే, మా డ్రైవరు అదేం ప్రశ్న అన్నట్టు చూసి సరస్సు వైపు చెయ్యి చూపించాడు. "దేవి దాను" అన్నాడు. సరస్సే అమ్మవారన్నమాట!

'ఉలున్ దాను' అంటే సరస్సు తల. బాలి హిందువుల మతానికి 'ఆగమ తీర్థ' అని ఒక పేరుంది. మనం అరచేతిలో పుచ్చుకుని కళ్ళకద్దుకునే తీర్థమే. కాకపోతే వాళ్ళు పొలానికీ తీర్థం ఇస్తారు. సరస్సు గుడి నుంచి పట్టుకెళ్ళి కాలవ మొదట్లో, మళ్ళలో చల్లుతారు. ఒక కాలవ కింది రైతులంతా కలిసిన సంఘాన్ని 'సుబక్' అంటారు. 11వ శతాబ్దపు శాసనాల్లోనే ఆ మాట కనిపిస్తుంది. ఎవరు ఎప్పుడు నాట్లెయ్యాలి, ఎవరి భూమి ఎప్పుడు ఖాళీగా వుండాలి అన్నది ఈ సుబక్‌లు నీటి గుళ్ళలో కూర్చుని తేల్చుకుంటాయి. మన తెలంగాణా పల్లెల్లో చెరువు కట్ట మీద కట్టమైసమ్మ వుంటుంది, తూము దగ్గర నీరటి వుంటాడు. ఆ ఇద్దరూ ఒకరే అయితే ఎలా వుంటుందో ఊహించుకోండి.

1970లలో ఈ పెత్తనానికి పెద్ద దెబ్బ తగిలింది. హరిత విప్లవం రోజులవి. కొత్త ఐ.ఆర్. వంగడాలూ ఎరువులూ పురుగుమందులూ ఇచ్చి, గుడి వంతులు మానేసి వీలైనన్ని పంటలు వెయ్యమంది ప్రభుత్వం. మొదట్లో గాదెలు నిండాయి. తర్వాత నీళ్ళకి కటకట. ఒకరు కోస్తూంటే పక్కవారు నాటుతున్నారాయె, సుడిదోమకేం, ఈ చేలోంచి ఆ చేలోకి హాయిగా కాపరం మార్చింది. దిగుబడి పెంచాలనుకోవడం తప్పని నేననను. ఆకలి ఎరిగిన దేశాలు మనవి. కానీ శతాబ్దాలుగా తూము తిప్పుతున్నవాళ్ళని ఒక్కమాట అడిగితే పోయేదేముంది?

అడిగినాయన ఒకాయన వున్నాడు. స్టీఫెన్ లాన్సింగ్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త. బ్రతాన్‌కి అక్కలాంటి బాటూర్ సరస్సు గుడిలో పూజారుల దగ్గర ఈ లెక్క నేర్చుకున్నాడు. జేమ్స్ క్రెమర్ అనే పర్యావరణ శాస్త్రజ్ఞుడితో కలిసి దాన్ని కంప్యూటరుకెక్కించాడు. అందరూ ఒకేసారి నాటితే నీళ్ళు చాలవు. ఎవరిష్టం వారిదైతే పురుగు చావదు. అదే పది చేలు కలిసి ఒక్కసారి ఖాళీగా వుంటే పురుగు తిండిలేక మాడుతుంది. ఎన్ని సుబక్‌లు కలిసి నడిస్తే పంట ఎక్కువని లెక్క తేలిందో, గుళ్ళ పద్ధతి దానికి చాలా దగ్గరగా వుందట. 1991లో ఆయన ఇదంతా పుస్తకంగా వేశాడు. 2012లో యునెస్కో సుబక్ పొలాల్నీ బాటూర్ గుడినీ ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఈలోగా చాలా మళ్ళు హోటళ్ళయిపోయాయి. అలాంటి హోటళ్ళలో దిగేది మనమే, ఎవర్ననడం?

ఇదంతా ఇంటికొచ్చాక చదివాను. చదివి వెళ్ళాల్సింది. ఆ పొద్దున కొండెక్కుతూంటే పచ్చని మళ్ళ మధ్య కొన్ని ఖాళీగా కనిపించాయి. "ఇన్ని నీళ్ళు పెట్టుకుని బీడు వదిలేశారేమిటయ్యా, బద్ధకం కాకపోతే!" అన్నాను డ్రైవరుతో, వచ్చీరాని ఇంగ్లీషులో. అతను అద్దంలోంచి నన్ను చూసి మర్యాదగా నవ్వి వూరుకున్నాడు.