క్రాష్ తర్వాత మిగిలే కాపీ

జీతాల పట్టికో చిట్టీల లెక్కో సగంలో ఉండగా ఎక్సెల్ బిగుసుకుపోయి, తనంతట తానే మూసుకుపోతుంది. మళ్లీ తెరిస్తే ఎడమ పక్కన ‘డాక్యుమెంట్ రికవరీ’ అనే పట్టీ కనిపిస్తుంది. ఒక్కోసారి అందులో ఒకే ఫైలు పేరు రెండుసార్లు ఉంటుంది. ఒకటి మనం చివరిసారి సేవ్ చేసినది, రెండోది మనం అడగకుండానే ప్రోగ్రాం విడిగా రాసిపెట్టినది. ఈ రెండింటినీ కలిపేయకుండా, ఏది కావాలో తేల్చుకొమ్మని మనకే వదిలేయడంలో ఉంది ఈ ఆవిష్కరణ గొప్పతనమంతా. స్ప్రెడ్‌షీట్ అక్కడికి చేరడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

1978లో డాన్ బ్రిక్లిన్ హార్వర్డ్ బిజినెస్ స్కూల్ విద్యార్థి. నల్లబల్ల మీద పట్టికలో ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడినవన్నీ చెరిపి మళ్లీ రాయాల్సి రావడం చూసి, ఆ పని యంత్రం చేస్తే బాగుండుననుకున్నాడు. మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్ ప్రోగ్రాం రాశాడు. 1979లో యాపిల్-2 కంప్యూటర్ మీద విసిక్యాల్క్‌గా అది అమ్మకానికి వచ్చింది. 63 నిలువు వరుసలు, 254 అడ్డు వరుసలు, అంతా మెమరీలోనే. కరెంటు పోతే షీటు మొత్తం పోయినట్టే. దాచుకోవాలంటే మనిషే గుర్తుపెట్టుకుని స్లాష్, ఎస్, ఎస్ అని నొక్కి ఫైలుకు పేరివ్వాలి.

ఆ ఫైలును వాళ్లు రాసిన పద్ధతి చాలా అందమైనది. ప్రతి గడిలోకీ వెళ్లి ఏ మీటలు నొక్కితే ఆ షీటు తయారవుతుందో, ఆ మీటల వరసనే డిస్కు మీద రాశారు. తిరిగి తెరిచినప్పుడు ఎవరో అతివేగంగా టైపు చేస్తున్నట్టు షీటు నిండుతుంది. పైగా రాయడం కింది కుడి మూల నుంచి మొదలుపెట్టారు. ఫైలు తెరిచిన వెంటనే షీటు ఎంత పెద్దదో తెలిసిపోయి, దానికి కావలసిన మెమరీ ఒక్కసారే కేటాయించవచ్చు. ఇంత ఆలోచించినవాళ్లకు తనంతట తాను సేవ్ చేసే ఏర్పాటు తట్టలేదని నేననుకోను. 32 కిలోబైట్ల మెమరీలో, నెమ్మదైన డిస్కుతో ఆ సౌకర్యానికి చోటు లేదు.

టైపు చేసిన అక్షరాలు పోకుండా చూడాలన్న పట్టుదల అప్పటికే మరోచోట ఫలించింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ తయారుచేసిన ఎక్స్, వీఐ ఎడిటర్లను చాలామంది టెలిఫోన్ లైన్ల మీద టెర్మినళ్ల నుంచి వాడేవారు. లైను తెగితే పని మధ్యలో ఆగిపోయేది. అందుకని ఎడిటర్ తన పని కాపీని ఎప్పుడూ డిస్కు మీద ఒక తాత్కాలిక ఫైలులో ఉంచుకునేది. లైను తెగినా, యంత్రం కుప్పకూలి మళ్లీ లేచినా ఆ కాపీని విడిగా భద్రపరిచి, ‘మీ ఫైలు దాచి ఉంచాం’ అని ఆ మనిషికి మెయిల్ కూడా పంపేది. ఎడిటర్‌ను ‘మైనస్ ఆర్’ అన్న గుర్తుతో తెరిస్తే పని వెనక్కి వచ్చేది. తర్వాత వచ్చిన గ్నూ ఈమ్యాక్స్ ఎడిటర్ మామూలుగా 300 మీటల నొక్కుళ్లకొకసారి, ఫైలు పేరుకు రెండు వైపులా హ్యాష్ గుర్తులు తగిలించి పక్కనే ఒక కాపీ రాస్తుంది. రెండింటిలోనూ ఉన్న నియమం ఒకటే. అసలు ఫైలును మనిషి చెప్పకుండా ముట్టుకోకూడదు.

ఈ నియమం అందరికంటే ఎక్కువగా స్ప్రెడ్‌షీటుకు కావాలి. అప్పు వడ్డీ 9 శాతం ఉన్న చోట 11 పెట్టి చూస్తాం, షీటంతా మారిపోతుంది, చూసుకున్నాక సేవ్ చేయకుండా మూసేస్తాం. అలా ప్రయత్నించి చూడటానికే ఈ సాధనం పుట్టింది. చిత్తు కాగితం మీద వేసుకున్న లెక్కను ఇంకెవరో పక్కా పుస్తకంలోకి ఎక్కించేస్తే ఎంత ప్రమాదమో, షీటును అడగకుండా సేవ్ చేయడం అంత ప్రమాదం.

ఎక్సెల్ 97లో ‘ఆటోసేవ్’ పేరుతో ఉన్న యాడ్-ఇన్ ఆ ప్రమాదంలోనే పడింది. నిర్ణీత సమయానికొకసారి అది అసలు ఫైలు మీదనే రాసేది. అందుకే రాసేముందు అడిగేలా పెట్టుకునే వీలిచ్చారు. అడిగేలా పెట్టుకుంటే పనికి అడ్డం, వద్దనుకుంటే పాత అంకెలకు ముప్పు.

2001లో వచ్చిన ఆఫీస్ ఎక్స్‌పీతో, అంటే ఎక్సెల్ 2002తో, ఈ చిక్కు విడిపోయింది. అందులో ఆటోరికవర్ పది నిమిషాలకొకసారి వేరే ఫోల్డరులో వేరే ఫైలు రాస్తుంది. మనం మామూలుగా మూస్తే ఆ ఫైలు చెరిగిపోతుంది. చెరగకుండా మిగిలి ఉందంటే ప్రోగ్రాం సవ్యంగా మూసుకోలేదన్నమాట, వెంటనే రికవరీ పట్టీ తెరుచుకుంటుంది. క్రాష్ జరిగిందని తెలుసుకోవడానికి వేరే ఉపాయం అక్కరలేకుండా, మిగిలిన ఫైలే సాక్ష్యమవుతుంది. అదే కాలంలో, క్రాష్ ఎక్కడ జరిగిందో ఇంటర్నెట్ ద్వారా తయారీదారుకు తెలియజేసే వాట్సన్ వ్యవస్థ కూడా వచ్చింది. ఆ నివేదికలు కుప్పగా చేరాక, ఒక్క శాతం లోపాలే సగం క్రాష్‌లకు కారణమని తేలినట్టు మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ 2002లో వినియోగదారులకు రాశాడు.

సేవ్ చేస్తున్న క్షణంలోనే కరెంటు పోతే ఏమవుతుందన్నది మరో ప్రశ్న. ఎక్సెల్ ముందుగా అదే ఫోల్డరులో ఒక తాత్కాలిక ఫైలు రాసి, అది పూర్తయ్యాకే పాతదాన్ని తీసేసి కొత్తదానికి ఆ పేరు పెడుతుంది. అందుకే ఒక్కోసారి వింత పేరుతో ఒక ఫైలు అక్కడే పడి ఉంటుంది. దాన్ని తొందరపడి చెరపకండి, మీ పని అందులో ఉండొచ్చు. ఎక్సెల్ ఫైళ్ల ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రూపమైనా, లిబ్రేఆఫీస్ అనే మరో ప్రోగ్రాం వాడే ఓడీఎస్ అయినా లోపల జిప్ మూటలే. జిప్ మూటలో ఏది ఎక్కడుందో చెప్పే జాబితా చివర ఉంటుంది. రాయడం మధ్యలో తెగితే జాబితా రాదు, ఫైలు తెరుచుకోదు. అయినా ముందు రాసిన భాగాలు లోపలే ఉండటం వల్ల, మరమ్మతు చేసే ప్రోగ్రాములు కొంతైనా బయటికి తీయగలుగుతాయి.

క్రాష్ ఒక్కటే శత్రువు కాదని గుర్తించడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. అలసిపోయిన మనిషి ‘డోంట్ సేవ్’ నొక్కేసినా పని పోతుంది. ఆఫీస్ 2010 నుంచి, ఒక్కసారి కూడా పేరు పెట్టి సేవ్ చేయని షీటుకు సైతం చివరి ఆటోరికవర్ కాపీని నాలుగు రోజులు ఉంచుతున్నారు. ఫైల్ మెనూలో ‘రికవర్ అన్‌సేవ్డ్ వర్క్‌బుక్స్’ దగ్గర అది దొరుకుతుంది. ఈ చిన్న మార్పును నేను పెద్ద మేలుగా లెక్కిస్తాను. యంత్రం తప్పునే కాక మనిషి తప్పును కూడా మన్నించింది కనుక.

2006లో గూగుల్ స్ప్రెడ్‌షీట్స్ బ్రౌజర్‌లోకి వచ్చాక సేవ్ అన్న మాటకే పని తగ్గింది. 2017లో ఎక్సెల్ కూడా మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ అయిన వన్‌డ్రైవ్‌లో ఉన్న ఫైళ్లకు ఆటోసేవ్ తెచ్చింది. దాంతో పాత చిక్కు తిరిగొచ్చింది. 9 తీసి 11 పెట్టిన మరుక్షణం అసలు ఫైలే మారుతుంది. ‘సేవ్ యాజ్’ ఉండే చోటికి ‘సేవ్ ఎ కాపీ’ వచ్చింది. దీనికి జవాబుగా ఇచ్చినది వెర్షన్ హిస్టరీ, అంటే గడచిన రూపాలన్నిటి వరస. ఇది మంచి జవాబే. అయితే ప్రయోగం మొదలుపెట్టే ముందు కాపీ తీసుకోవాలన్న బాధ్యత మళ్లీ మనిషి మీద పడింది.

ఈ కథ తెలిస్తే, రికవరీ పనిచేయనప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కాపీ రాలేదంటే క్రాష్ వేళకు ఇంకా పది నిమిషాలు పూర్తికాకపోయి ఉండొచ్చు. సెట్టింగులో ‘ఈ వర్క్‌బుక్‌కు మాత్రం వద్దు’ అన్న గడిలో టిక్కు ఉండొచ్చు. కాపీలు రాసే ఫోల్డరు అందుబాటులో లేని నెట్‌వర్క్ డ్రైవులోనో, నిండిపోయిన డిస్కులోనో ఉండొచ్చు. ఎంటర్ నొక్కని గడిలోది ఎలాగూ రాదు. లిబ్రేఆఫీస్‌లో రికవరీ కిటికీయే మళ్లీమళ్లీ క్రాష్ అవుతుంటే, ముందు ప్రొఫైల్ ఫోల్డరులోని ‘బ్యాకప్’ను వేరేచోటికి కాపీ చేసి, ఆ తర్వాతే 5.3 నుంచి ఉన్న సేఫ్ మోడ్‌లో తెరవాలి.

రికవరీ పట్టీ కనిపించినప్పుడు కంగారులో మూసేయకండి. పట్టీలోని కాపీలన్నీ తెరిచి, సమయం చూసుకుని, నచ్చినదాన్ని కొత్త పేరుతో దాచండి. అసలు ఫైలు మీద రాయకండి. ఈరోజే ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి పది నిమిషాలను రెండు చేయండి.