చేపను ముందు చూసినవాళ్ళు

కొన్నేళ్ళ క్రితం ఆఫీసు పని మీద మయామీలో మూడు నెలలున్నాను. ఒక శనివారం నేనూ, మా టీమ్‌లో ఇంకొకతనూ డబ్బులు కలిపి, ఇస్లమొరాడాలో సగం రోజుకి ఒక ఫిషింగ్ గైడ్‌ని మాట్లాడుకున్నాం. మోకాలి లోతు సముద్రం. అడుగున ఇసుక, గడ్డి స్పష్టంగా కనబడుతున్నాయి. పడవ వెనక చిన్న మంచె లాంటిదాని మీద నిలబడి గెడ వేస్తున్న గైడ్ ఉన్నట్టుండి గొంతు తగ్గించి, “పదకొండు గంటల వైపు, నలభై అడుగుల్లో, నాలుగు” అన్నాడు. పడవ ముక్కు పన్నెండు గంటలు, మిగతావి దాన్నిబట్టి. నేను అటు చూశాను. నీళ్ళు కనిపించాయి. అంతే.

మధ్యాహ్నానికి మావాడికి ఒక బోన్‌ఫిష్ పడింది. ఫోటో దిగి, చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేశాం. రాత్రి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు, తన మొదటి బోన్‌ఫిష్ అని. అబద్ధమేం కాదు. కానీ చేపని చూసిందెవరు? పడవని తిప్పిందెవరు? ఎక్కడ విసరాలో, ఎప్పుడు లాగాలో చెప్పిందెవరు? ఫోటో తీసింది కూడా ఆయనే కాబట్టి ఫోటోలో ఆయన లేడు.

ఆ తర్వాత ఈ వేట చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చాలా చోట్ల అదే ఫోటో కనిపించింది.

ముందు ఈ వేట గురించి రెండు మాటలు. బోన్‌ఫిష్ పొలుసులు అద్దాల్లాంటివి. పక్కనున్న ఇసుకనీ గడ్డినీ అవి తిప్పి చూపిస్తాయి కాబట్టి చాలాసార్లు చేప కనబడదు, దాని నీడ కనబడుతుంది. పోటు నీటితో పాటు లోతు తక్కువ చోట్లకి వచ్చి, తల కిందికి పెట్టి రొయ్యల్నీ పీతల్నీ వెతుక్కుంటుంది. అప్పుడు తోక నీళ్ళ పైకి తేలుతుంది. ఇక ‘ఫ్లై’ అంటే కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి చేసిన ఉత్తుత్తి ఎర. ఎక్కడో ఒకచోట వేసి కూర్చుంటే కుదరదు. చేపని చూసి, అది వెళ్ళే దారిలో వెయ్యాలి. అంటే చూడగలగడమే సగం వేట.

ఫ్లోరిడా కీస్ దీవుల మీదుగా రైలు 1912లో కీ వెస్ట్ దాకా వెళ్ళింది. 1935లో వచ్చిన పెనుతుఫాను ఆ రైలుదారిని నాశనం చేసింది. మిగిలిన వంతెనలని వాడుకుని రోడ్డు వేసి 1938లో తెరిచారు. సెలవులకి కార్లేసుకుని వచ్చేవాళ్ళకి దారి దొరికింది, ఊళ్ళోవాళ్ళకి గైడ్ పని దొరికింది. ఆ మరుసటి ఏడాదే, 1939లో, బిల్ స్మిత్ అనే గైడ్ ఫ్లైతో బోన్‌ఫిష్‌ని పట్టాడు. పొరపాటున కాకుండా, కావాలని వెంటపడి అలా పట్టిన మొదటి మనిషి ఆయనేనని చాలామంది అంటారు.

కానీ బయటి ప్రపంచానికి ఈ వేట మీద మోజు పుట్టింది 1947లో జో బ్రూక్స్ అక్కడ బోన్‌ఫిష్ పట్టాక. బ్రూక్స్ రచయిత. ఆయనకి గైడ్ జిమ్మీ ఆల్‌బ్రైట్. గేలం రాసేవాడి చేతిలో ఉంటే చరిత్ర అక్కణ్ణుంచే మొదలైపోతుంది. ఆల్‌బ్రైట్ పేరు పూర్తిగా పోలేదు, రెండు తాళ్ళని కలిపే ఒక ముడికి మిగిలింది. ఆయన భార్య ఫ్రాంకీ, బిల్ స్మిత్ భార్య బానీ, వాళ్ళ తోబుట్టువు బ్యూలా, ముగ్గురూ అక్కచెల్లెళ్ళు, ముగ్గురూ గైడ్లే. నేను ముందు చదివినవాటిలో వాళ్ళు ఫలానావాళ్ళ భార్యలుగానే వచ్చి వెళ్ళిపోయారు.

మయామీకి తూర్పున ఎనభై కిలోమీటర్ల దూరంలో బహామాస్ దీవి బిమినీ ఉంది. అక్కడ దీనికి రంగు కూడా తోడైంది. 1973 దాకా అది బ్రిటిష్ పాలనే. గేలం పట్టినవాళ్ళు ఎక్కువగా అమెరికా నుంచి వచ్చిన తెల్లవాళ్ళు, గెడ వేసినవాళ్ళు ఎక్కువగా స్థానికులైన నల్లవాళ్ళు. అలాంటి ఒక గైడ్ ఆన్సిల్ సాండర్స్. పడవలు కూడా ఆయనే చేసేవాడు. 1971లో ఆయన పడవలో 16 పౌండ్ల 3 ఔన్సుల బోన్‌ఫిష్ పడి రికార్డుకెక్కింది. రికార్డు మాత్రం గేలం పట్టుకున్న అతిథి జెర్రీ లావెన్‌స్టీన్ పేరు మీద ఉంది.

అదే సాండర్స్ 1964లో ఇంకొక అతిథిని మడ అడవుల మధ్య పాయల్లోకి తీసుకెళ్ళాడు. ఆ వచ్చినాయన మార్టిన్ లూథర్ కింగ్. నోబెల్ బహుమతి అందుకునే ముందు చెయ్యాల్సిన ప్రసంగం రాసుకోడానికి నిశ్శబ్దం కావాలి. చేపల కోసం నేర్చుకున్న దారులే ఆ నిశ్శబ్దానికీ పనికొచ్చాయి. ఆ చోటుని ఇప్పుడు కింగ్ పేరుతోనే చూపిస్తారు. తప్పని కాదు. అక్కడికి దారి ఎవరికి తెలుసు అన్నది నా ప్రశ్న.

ఇదంతా మావాడితో అంటే నవ్వాడు. “డబ్బులిచ్చాం కదరా, ఇంకా పేరెందుకు?” అన్నాడు. జవాబు వెంటనే తట్టలేదు. మాకూ జీతాలిస్తారు, అయినా పేరు కోసం కొట్టుకుంటాం. రెండేళ్ళ కిందట మా ప్రొడక్ట్‌లో ఒక పాత బగ్‌ని ఫిక్స్ చేసినందుకు నాకు అవార్డొచ్చింది. మార్చింది ఒక్క లైన్. ఆ లైన్ ఎక్కడుందో నాలుగు రాత్రులు లాగ్స్ తిరగేసి చూపించింది కొత్తగా చేరిన టెస్టర్. కమిట్‌లో సహరచయిత పేరు రాయడానికి వీలుంది. నేను రాయలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆ అమ్మాయీ కొట్టింది.

ఆ గైడ్ పేరేమిటో ఈ వ్యాసంలో రాద్దామని ఫోన్ తీశాను. నంబర్ ఇంకా ఉంది. ‘ఫిషింగ్ శనివారం’ అని సేవ్ చేసుకున్నాను.