బందరు ఉప్పెన నుంచి జస్ట్‌డయల్ దాకా: పేర్ల పుస్తకాల కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక ఫోన్ నంబర్‌తో మొదలుపెడదాం.

కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు ఉన్నవాళ్లని అడగండి. అర్ధరాత్రి ఏరియేటర్ ఆగిపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారేలోపు రొయ్యలు పైకి తేలిపోతాయి. లక్షల పంట అది! ఆ టైమ్‌లో మెకానిక్ కోసం ఫోన్‌లో వెతికితే, దొరికిన నంబర్ పనిచేయకపోతే? ఒక్క పాత నంబర్ వల్ల అంత నష్టం. పేర్లు, అడ్రస్‌లు, నంబర్లు పోగుచేసి అచ్చువేసే వ్యాపారం ఎందుకంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు 1864కి వెళ్దాం. ఆ ఏడాది కలకత్తాలో థాకర్ సంస్థ 'బెంగాల్ డైరెక్టరీ' వేయడం మొదలుపెట్టింది. అధికారులు, వ్యాపారులు, కంపెనీలు, అన్నీ పేర్లతో సహా. అదే ఏడాది నవంబర్ 1 రాత్రి మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడింది. సుమారు 30 వేల మంది పోయారంటారు. గమనించారా, సుమారు! ఎందుకంటే దేశంలో మొదటి జనాభా లెక్కలు జరిగిందే 1871-72లో. సముద్రం పక్కన బతికే బెస్తవాళ్లకీ, కూలీలకీ అలాంటి పేర్ల పుస్తకాల్లో చోటు లేదు. థాకర్ పుస్తకం 1885లో 'ఇండియన్ డైరెక్టరీ' అయ్యింది, 1960 దాకా నడిచింది. కానీ పుస్తకం కొనేవాడికి ఎవరు కావాలో వాళ్ల పేర్లే అందులోకి ఎక్కాయి. ఈ వ్యాపారంలో మొదటి చిక్కు ఇదే.

రెండో చిక్కు, పాతబడిపోవడం. 1951 నుంచి సెన్సస్ వాళ్లు జిల్లా హ్యాండ్‌బుక్‌లు వేస్తున్నారు. వాటిలో వచ్చే విలేజ్ డైరెక్టరీలో ఏ ఊళ్లో బడి ఉంది, మంచినీళ్లు ఉన్నాయా, రోడ్డు ఉందా అని ఊరి వారీగా ఉంటుంది. బంగారం లాంటి సమాచారం! కానీ చివరి సెన్సస్ 2011లో జరిగింది. ఆ పుస్తకంలో కృష్ణా జిల్లా అంటే విజయవాడ, కైకలూరు కూడా లోపలే. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకి, కైకలూరు ఏలూరు జిల్లాకి వెళ్లిపోయాయి. ఇప్పుడు ఆ పాత అంకెలు తీసుకుని "మా జిల్లా" అంటే తప్పే కదా!

ఇక టెలిఫోన్ డైరెక్టరీ. ప్రపంచంలో మొదటిది 1878లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో వచ్చింది. ఒకే ఒక్క కాగితం, 50 పేర్లు. మన దగ్గరైతే ఎస్టీడీ బూత్‌లో ఆ లావు పుస్తకం మీ నాన్నగారికి బాగా గుర్తుంటుంది. అందులో దొరక్కపోతే 197కి ఫోన్ చేసి అడిగేవాళ్లు. తర్వాత ఊరంతా సెల్‌ఫోన్లు వచ్చాయి, ఆ నంబర్లు మాత్రం పుస్తకంలోకి రాలేదు. దాంతో పుస్తకం పని అయిపోయింది. 1996లో జస్ట్‌డయల్ ఫోన్ మీదే సమాచారం చెప్పడం మొదలుపెట్టింది, 2021లో రిలయన్స్ చేతికి వెళ్లింది. ఈలోపు గూగుల్ మ్యాప్స్ అదే పని ఫ్రీగా చేసేస్తోంది.

మరి కష్టపడి పోగుచేసిన జాబితాని ఎవరైనా కాపీ కొడితే? అమెరికాలో ఒక సరదా కేసు ఉంది. కాన్సాస్‌లో రూరల్ అనే టెలిఫోన్ కంపెనీ, దొంగని పట్టుకోవడానికి తన డైరెక్టరీలో నాలుగు లేని పేర్లు ఇరికించింది. ఫైస్ట్ అనే పబ్లిషర్ పుస్తకంలో ఆ నాలుగూ తేలాయి! అయినా 1991లో సుప్రీంకోర్టు ఫైస్ట్‌నే గెలిపించింది. పేరు, నంబర్ అనేవి నిజాలు, నిజాల మీద ఎవరికీ కాపీరైట్ లేదు, చెమటోడ్చడం ఒక్కటే సరిపోదు అంది. యూరప్ మాత్రం 1996లో డేటాబేస్‌లకి విడిగా 15 ఏళ్ల రక్షణ ఇచ్చింది. మన కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ డేటాబేస్‌లు కూడా సాహిత్య రచనల కిందికే వస్తాయి. కానీ వట్టి శ్రమ చాలదని 2007లో మన సుప్రీంకోర్టూ ఒక కేసులో చెప్పింది. దీనికి తోడు 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అడక్కుండా మనుషుల నంబర్లు పోగేసి అమ్ముకునే రోజులు పోతున్నాయి.

అయితే ఈ వ్యాపారానికి దారే లేదా? ఉంది. పెద్ద కంపెనీ కృత్తివెన్ను మెకానిక్‌కి నెలనెలా ఫోన్ చేసి "అన్నా, ఇదే నంబరా? రాత్రిళ్లు వస్తారా?" అని అడగదు. ఆ పని ఊళ్లో ఉన్న కుర్రాడు చేయగలడు. ఐస్ ఫ్యాక్టరీ, మేత షాపు, నీళ్లు టెస్ట్ చేసే ల్యాబ్, రొయ్యల లోడు ఎత్తే లారీ, ఒక్కో నంబర్ పక్కన "ఫలానా తేదీన సరిచూశాం" అని రాస్తే చాలు. ముందుగా వాళ్ల అనుమతి తీసుకోవాలి. పేర్లు ఎలాగూ కాపీ అవుతాయి. ఆ తేదీ మీద జనానికి ఉండే నమ్మకాన్ని మాత్రం ఎవరూ కాపీ కొట్టలేరు, దానికే డబ్బులిస్తారు.

ఈ రోజు ఒక పని చేయండి. మ్యాప్స్‌లో మీ ఊరు తెరిచి మూడు నంబర్లకి ఫోన్ చేసి చూడండి. ఎన్ని తగిలాయో, అసలు లిస్టులోనే లేనివాళ్లు ఎవరో కామెంట్‌లో రాయండి. 1864లో రాయకుండా వదిలేసిన పేర్లు మళ్లీ దొరకలేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!