గేటు ఫోను మోగింది, తలుపు ఎవరు తీస్తారు?

2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటల పాటు ప్రపంచమంతటా ఆగిపోయాయి. ఆ రోజు వచ్చిన వార్తల్లో ఒకటి చాలామందికి గుర్తుండకపోవచ్చు. సమస్యను సరిచేయాల్సిన ఉద్యోగులు కొందరు సొంత ఆఫీసుల్లోకే వెళ్ళలేకపోయారని, తలుపుల దగ్గర వాళ్ళ బ్యాడ్జీలు పనిచేయలేదని పత్రికలు రాశాయి. లోపలికి ఎవరిని రానివ్వాలో చెప్పే వ్యవస్థ కూడా కూలిపోయిన ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంది మరి.

అంత పెద్ద సంస్థకు జరిగింది మన అపార్ట్‌మెంటుకు జరగదని చెప్పలేం. హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు లాంటి నగరాల్లో పాత ఇంటర్‌కమ్ తీసేసి, నెట్‌వర్క్ మీద నడిచే గేటు ఫోను, కార్డు రీడర్లు, మొబైల్ యాప్ కలిపి పెట్టించుకుంటున్న అసోసియేషన్లు చాలానే ఉన్నాయి. కొటేషన్లలో కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇంటర్నెట్ పోతే తలుపు ఏమవుతుంది, కరెంటు పోతే ఏమవుతుంది, మంటలొస్తే ఏమవుతుంది అన్నవి మాత్రం కొనేవాళ్ళే అడిగి రాబట్టుకోవాలి.

అసలు ఏం జరుగుతుంది

వచ్చినవాళ్ళు గేటు దగ్గరున్న ప్యానెల్‌లో ఫ్లాట్ నంబరు నొక్కుతారు. ఆ ఇంట్లో ఫోను మోగుతుంది. మాట్లాడి, మనిషిని గుర్తుపట్టి, ఇంటివాళ్ళు ఒక అంకె నొక్కితే తాళం విడుతుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. ఫోనులో ప్రతి అంకెకూ రెండు స్వరాలు కలిసి వినిపిస్తాయి. 9 నొక్కితే 852 హెర్ట్జ్, 1477 హెర్ట్జ్ ఒకేసారి మోగుతాయి. ఆ జంటను గుర్తుపట్టిన ప్యానెల్ రిలే అనే చిన్న స్విచ్‌ను కదిలిస్తుంది, రిలే తాళానికి వెళ్ళే కరెంటును మారుస్తుంది. బ్యాంకు కాల్‌సెంటర్‌లో 'తెలుగు కోసం ఫలానా అంకె నొక్కండి' అన్నప్పుడు పనిచేసేదీ ఈ స్వరాలే.

మారింది దారి మాత్రమే. ఒకప్పుడు ఆ కాల్ రాగి తీగ మీద వెళ్ళేది. ఇప్పుడు ఇంటర్నెట్ ఫోన్లు వాడే సిప్ అనే ప్రమాణం మీద వెళుతుంది. దాని ప్రస్తుత రూపం 2002లో ఖరారైంది. అంటే ప్యానెల్ కూడా నెట్‌వర్క్‌లో ఒక ఫోను. కంప్యూటర్‌కు ఉన్నట్టే దానికీ ఒక ఐపీ చిరునామా, ఒక యూజర్‌నేమ్, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. సౌకర్యాలూ ప్రమాదాలూ రెండూ ఇక్కడి నుంచే మొదలవుతాయి.

కాల్ ఎటు పోవాలి

మూడు దారులున్నాయి. ఒకటి, ప్రతి ఫ్లాట్‌లో గోడకు ఒక మానిటరో సిప్ ఫోనో పెట్టి, బిల్డింగ్ లోపలి నెట్‌వర్క్‌లోనే కాల్ తిప్పడం. ఇందుకు సిప్ సర్వర్ ఒకటి బిల్డింగ్‌లోనే ఉండాలి. చిన్న కాంప్లెక్సుల్లో కొన్ని ప్యానెళ్ళు ఆ పని అవే చేసుకుంటాయి. రెండు, కంపెనీ క్లౌడ్ ద్వారా మొబైల్ యాప్‌కు పంపడం. మూడు, లైసెన్సున్న టెలికాం సంస్థ ఇచ్చే సిప్ ట్రంక్ ద్వారానో, ప్యానెల్‌లో సిమ్ పెట్టో మామూలు మొబైల్ నంబరుకు కాల్ వెళ్ళేలా చేయడం.

అమ్మేవాళ్ళు ఎక్కువగా రెండో దారినే చూపిస్తారు. ప్రతి ఫ్లాట్‌కూ వైరు లాగక్కర్లేదు, మానిటర్ల ఖర్చు లేదు. డల్లాస్‌లో ఉన్న కొడుకు కూకట్‌పల్లిలో అమ్మానాన్నల గుమ్మం ముందు ఎవరున్నారో చూసి తలుపు తీయించగలడు. ఈ చివరి మాటకు మన ఇళ్ళలో ఉన్న బలం అంతా ఇంతా కాదు. అయితే గేటుకీ మూడో అంతస్తుకీ మధ్య జరగాల్సిన సంభాషణ ఫైబర్ లైను మీద ఎక్కడో ఉన్న డేటా సెంటర్‌కు పోయి తిరిగి రావాలి. మధ్యలో ఏది తెగినా కాల్ రాదు. కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా కోసం యాప్‌ను నిద్రపుచ్చుతాయి, అప్పుడు గేటు దగ్గర మనిషి వెళ్ళిపోయాక నోటిఫికేషన్ వస్తుంది. డెబ్బై ఏళ్ళు దాటినవాళ్ళకు యాప్ తెరిచి, పచ్చ గుర్తు జరిపి, తాళం బొమ్మ నొక్కడం కంటే మోగుతున్న ఫోను ఎత్తి 9 నొక్కడమే సులువు.

నా ఉద్దేశంలో కాల్ మొదట బిల్డింగ్ లోపలి ఫోనుకు వెళ్ళాలి. ఇరవై ముప్పై సెకన్లలో ఎవరూ ఎత్తకపోతే యాప్‌కో మొబైల్‌కో, ఆ తరవాత వాచ్‌మన్ గదికి వెళ్ళాలి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఫ్లాట్‌కొక పాత ఇంటర్‌కమ్ తీగ జత ఇప్పటికే ఉంటే దాని మీదే పనిచేసే అడాప్టర్లు దొరుకుతాయి, గోడలు పగలగొట్టనక్కర్లేదు.

ఒక చిన్న పరీక్ష మాత్రం తప్పక చేయించండి. గేటు దగ్గర నిలబడి ఫ్లాట్‌కు ఫోను చేసి, లోపలివాళ్ళు మాట్లాడుతుండగా మీ మొబైల్ కీప్యాడ్‌లో 9 స్వరాన్ని ప్యానెల్ మైకు దగ్గర వినిపించండి. తలుపు తెరుచుకుంటే ఆ వ్యవస్థకు బయటి గొంతుకూ లోపలి గొంతుకూ తేడా తెలియదన్నమాట. అంకెను మాటల్లో కలపకుండా విడి ప్యాకెట్లుగా పంపే ఏర్పాటు సిప్‌లో ఉంది. దాన్ని మాత్రమే అంగీకరించేలా, అదీ ఇంటివైపు నుంచి వస్తేనే అంగీకరించేలా ప్యానెల్‌ను సెట్ చేయించాలి.

గోడకు బయట, గోడకు లోపల

ప్యానెల్‌కు ఒకే నెట్‌వర్క్ కేబుల్ చాలు. కరెంటు కూడా అదే తీగలో పంపే పద్ధతిని పీఓఈ అంటారు. 2003 నాటి ప్రమాణంలో ఒక్కో పోర్టు 15.4 వాట్లు, 2009 నాటిదానిలో 30 వాట్లు ఇవ్వగలదు. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. పెద్ద కాంప్లెక్సులో మెయిన్ గేటు క్లబ్‌హౌస్‌కు అంతకంటే దూరంగా ఉంటుంది, అక్కడికి ఫైబర్ వేయాల్సిందే.

ఎక్కువమంది చేసే పొరపాటు వేరే ఉంది. చాలా ప్యానెళ్ళలో తాళాన్ని నడిపే రిలే ప్యానెల్ పెట్టెలోనే ఉంటుంది. తాళం తీగలు నేరుగా దాని వెనకే బిగిస్తే పని తొందరగా అవుతుంది, ఎలక్ట్రీషియన్‌కు హాయి. కానీ ఆ పెట్టె ఉండేది గోడకు బయటివైపు. స్క్రూడ్రైవర్‌తో దాన్ని ఊడదీసి రెండు తీగలు కలిపితే తలుపు తెరుచుకుంటుంది. కార్డులు, ముఖం గుర్తింపు, క్లౌడ్, అన్నీ వృథా. రిలే గానీ కంట్రోలర్ గానీ తాళం వేసిన గదిలో, గోడకు లోపలే ఉండాలి. బయటి పెట్టె అడగాలి, లోపలి పెట్టె తెరవాలి.

అలాగే ప్యానెల్ వెనక ఉన్న నెట్‌వర్క్ కేబుల్ వీధిలోకి తెరిచిన కిటికీ లాంటిది. దాన్ని లాప్‌టాప్‌కు పెట్టుకున్నవాడు ఆఫీసు కంప్యూటర్, సీసీ కెమెరాలు అన్నింటినీ చేరగలగకూడదు. గేటు పరికరాలను వీల్యాన్ అనే విడి విభాగంలో పెట్టి, ఆ పోర్టులో గుర్తింపు పొందిన పరికరం తప్ప మరేదీ పనిచేయకుండా స్విచ్‌లోనే కట్టడి చేయవచ్చు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ లక్షల కెమెరాలనూ రౌటర్లనూ లొంగదీసుకున్నది అరవై చిల్లర ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ జంటలను వరసగా ప్రయత్నించే. ఇందులో గొప్ప హ్యాకింగ్ ఏమీ లేదు.

కార్డుల సంగతి క్లుప్తంగా. 125 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే చవక కార్డులు తమ నంబరును అడిగిన ప్రతి రీడర్‌కూ చెప్పేస్తాయి. వాటి నకలు తీసే పరికరాలు ఆన్‌లైన్‌లో మామూలు ధరకే దొరుకుతాయి. 13.56 మెగాహెర్ట్జ్ కార్డులు మెరుగే గానీ, అందులో మైఫేర్ క్లాసిక్ రకం సంకేత పద్ధతిని నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే ఛేదించారు. కొత్తగా కొనేవాళ్ళు డెస్‌ఫైర్ తరహా కార్డులు అడగాలి. రీడర్ నుంచి కంట్రోలర్‌కు వెళ్ళే తీగలో పాత వీగాండ్ పద్ధతి ఏ రహస్యం లేకుండా నంబరు పంపుతుంది. సంకేత భాషలో పంపగలిగే ఓఎస్‌డీపీ దానికి ప్రత్యామ్నాయం. అయితే ఆ సురక్షిత విధానం సెట్టింగుల్లో ఆన్ చేస్తేనే పనిచేస్తుంది.

తాళం

తాళాలు రెండు రకాలు. కరెంటు పోతే తెరుచుకునేవి, కరెంటు పోతే మూసుకునే ఉండేవి. తలుపు పైభాగాన పెట్టే అయస్కాంత తాళం మొదటి రకం. కరెంటు ఉన్నంతసేపే అది పట్టుకుంటుంది. గడియ దగ్గర పెట్టే ఎలక్ట్రిక్ స్ట్రైక్ రెండు రకాలుగానూ దొరుకుతుంది. దొంగల భయంతో ఆలోచిస్తే రెండోది, మంటల భయంతో ఆలోచిస్తే మొదటిది నచ్చుతుంది. అసోసియేషన్ మీటింగుల్లో దొంగల గురించే మాట్లాడతారు.

మన ఉపఖండంలో మూసిన తలుపుల చరిత్ర తెలిసినవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగుతారు. 2012 సెప్టెంబరు 11న కరాచీలోని బల్దియా టౌన్ దుస్తుల ఫ్యాక్టరీ మంటల్లో 250 మందికి పైగా చనిపోయారు. అదే ఏడాది నవంబరు 24న ఢాకా శివార్లలోని తజ్రీన్ ఫ్యాషన్స్‌లో వందమందికి పైగా. రెండు చోట్లా బయటపడే దారులకు తాళాలు ఉన్నాయి. అవి ఎలక్ట్రానిక్ తాళాలు కావు, వాటిని వేసినవాళ్ళ ఆలోచన మాత్రం తెలిసిందే: ఎవరూ చెప్పకుండా బయటికి పోకూడదు.

బయటికి వెళ్ళే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి అవసరం లేకుండా తెరుచుకోవాలని మన జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతుంది. కార్డూ, యాప్ కూడా తాళంచెవులే. కాబట్టి లోపలివైపు హ్యాండిల్ తిప్పితే తెరుచుకునే తలుపైతే మూసుకునే ఉండే స్ట్రైక్ పెట్టినా పర్వాలేదు, లోపలివాళ్ళకు కరెంటుతో పనిలేదు. అయస్కాంత తాళం పెడితే మాత్రం మూడు ఏర్పాట్లు కావాలి. బయటికి వెళ్ళే బటన్. పక్కనే, అద్దం పగలగొట్టి నొక్కే ఆకుపచ్చ అత్యవసర పెట్టె. ఫైర్ అలారం ప్యానెల్ నుంచి వచ్చే తీగ. చివరి రెండూ తాళానికి వెళ్ళే కరెంటును నేరుగా తెంపాలి. సాఫ్ట్‌వేర్‌కు సందేశం పంపి, అది సర్వర్‌ను అడిగి, సర్వర్ తాళానికి చెప్పే ఏర్పాటు చేస్తే మంటల్లో కాలిపోయే మొదటి వస్తువు ఆ నెట్‌వర్క్ కేబులే కావచ్చు. కొటేషన్‌లో 'ఫైర్ ఇంటిగ్రేషన్ ఉంది' అని రాసి ఉంటే, అది తీగతోనా సాఫ్ట్‌వేర్‌తోనా అని అడిగి రాతలో తీసుకోండి.

ఇక బ్యాటరీ. చిన్న అయస్కాంత తాళం 12 వోల్టుల దగ్గర సుమారు అర ఆంపియరు లాగుతుంది. దానికి సాధారణంగా ఇచ్చే 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ కాగితం మీద 14 గంటలు. కంట్రోలర్, రీడర్ కూడా దాని మీదే ఉంటే, పైగా బ్యాటరీ రెండు వేసవులు చూసి ఉంటే, అందులో సగం వచ్చినా సంతోషించాలి. జనరేటర్ ఉంది కదా అంటారు. లిఫ్టులకూ నీళ్ళ మోటారుకూ జనరేటర్ లైను ఉంటుంది; ఇంటర్నెట్ పెట్టె ఉన్న గది ప్లగ్గుకు ఉందో లేదో కరెంటు పోయిన రాత్రే తెలుస్తుంది.

పుస్తకంలో రాసే పేర్లు

వాచ్‌మన్ దగ్గర ఉండే పాత రిజిస్టరులో పేరు, ఫోను నంబరు, వచ్చిన వేళ రాసేవారు. అది నిండాక అటక ఎక్కేది. ఇప్పుడు అదే సమాచారం ఫోటోతో సహా ఎక్కడో సర్వర్‌లో ఏళ్ళ తరబడి ఉంటుంది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. చెప్పిన పనికి అవసరమైనంత సమాచారమే తీసుకోవాలని చట్టం అంటుంది. సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెళ్ళొచ్చు. యాప్ కంపెనీదే బాధ్యత అనుకుంటే పొరపాటు. ఏ సమాచారం ఎందుకు తీసుకోవాలో తేల్చేది అసోసియేషన్ అయినప్పుడు జవాబు చెప్పాల్సిందీ ఎక్కువగా అదే.

ఇందులో చట్టం కంటే ముందు చూడాల్సిన విషయం ఒకటుంది. ఈ వ్యవస్థ అందరినీ ఒకేలా నమోదు చేయదు. ఫ్లాట్ యజమాని కారు ట్యాగుతో దూసుకుపోతాడు. పనిమనిషి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్ళింది, ఏ రోజు రాలేదు అన్నది పది ఇళ్ళ ఫోన్లకు చేరుతుంది. కొరియర్ కుర్రాడి ముఖం ప్రతి గేటులోనూ ఫోటో తీస్తారు. దేనికి ఒప్పుకున్నారని వాళ్ళను ఎవరూ అడగరు, కాదంటే పని పోతుంది. ఫోటోలు 30 రోజులకు, నమోదులు 90 రోజులకు వాటంతటవే చెరిగిపోయేలా సెట్ చేయడం, ఒకరి రాకపోకలు మరో ఇంటికి కనిపించకుండా చేయడం కష్టమైన పనులు కావు. మీటింగులో ఎవరో ఒకరు అడగాలి, అంతే.

అప్పగింతల రోజు

అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుందో ఒప్పందంలో రాయించాలి. చాలాచోట్ల అది బిగించిన కంపెనీ టెక్నీషియన్ ఫోనులోనో, రెండేళ్ళ కిందటి సెక్రటరీ ఈమెయిల్‌లోనో ఉంటుంది. కంపెనీ మూతపడినా, చందా ఆపేసినా కార్డులూ కీప్యాడ్లూ పనిచేయాలి. అందుకు అనుమతుల జాబితా బిల్డింగ్‌లోని కంట్రోలర్‌లోనే నిల్వ ఉండాలి. ఆ జాబితాను మామూలు ఎక్సెల్ ఫైలుగా దించుకునే వీలూ ఉండాలి.

చివరి విడత డబ్బు ఇచ్చే ముందు ఒక సాయంత్రం కేటాయించండి. నివాసులకు ముందే చెప్పి, వాచ్‌మన్‌ను పక్కన ఉంచుకుని, మొదట ఇంటర్నెట్ తీగ పీకండి: గేటు నుంచి ఫ్లాట్‌కు కాల్ వెళ్ళాలి, కార్డు పనిచేయాలి. తరవాత మెయిన్ స్విచ్ ఆపి, జనరేటర్ వేయకుండా గంటసేపు చూడండి. ఆపైన ఫైర్ ప్యానెల్‌లో టెస్ట్ మోడ్ పెట్టించి, బయటికి వెళ్ళే ప్రతి తలుపు దగ్గరా ఒక మనిషిని నిలబెట్టి తోయించండి. మెట్ల కింద ఉన్నదాన్ని, పార్కింగ్ వెనక ఎప్పుడూ వాడనిదాన్ని కూడా. తెరుచుకోని తలుపు ఒక్కటి ఉన్నా సంతకం పెట్టకండి.