మార్కోనీ తీగ, మా టమాటా మడి

పోయిన ఏడు మా బడి తోటలో టమాటా మడికి తేమ సెన్సార్ పెట్టాం. మట్టి ఎండితే అది రేడియో ద్వారా తరగతి గదిలోని రిసీవర్‌కు చెప్పాలి. బల్ల మీద పెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. తోటలో నేలమీద పెట్టాక మూగపోయింది. కబురు రావడం లేదంటే మట్టి తడిగానే ఉందని అనుకున్నాం. నాలుగు రోజుల సెలవుల తర్వాత వచ్చి చూస్తే సగం మొక్కలు ఎండిపోయి ఉన్నాయి. "పెద్ద బ్యాటరీ కొందాం సార్" అన్నాం. "ముందు మార్కోనీ ఏం చేశాడో చదవండి" అన్నారు సైన్సు సారు.

రేడియో తరంగాలు ఉన్నాయని 1880లలో హెర్ట్జ్ ప్రయోగం చేసి చూపించాడు. వాటితో దూరానికి కబురు పంపాలన్నది మార్కోనీ పట్టుదల. 1895లో ఇటలీలోని బొలోన్యా దగ్గర, తండ్రి ఎస్టేటులో ప్రయోగాలు చేసేటప్పుడు ఆయనకు 21 ఏళ్లు. మొదట్లో సంకేతం కొద్ది దూరమే పోయేది. అప్పుడాయన పరికరానికి ఒక తీగ కట్టి పైకెత్తాడు, ఇంకో కొస భూమికి కలిపాడు. సంకేతం గుట్ట దాటి సుమారు 2.4 కిలోమీటర్లు పోయింది. గుట్ట అవతల ఉన్న అన్న అల్ఫోన్సో, సంకేతం అందిందని చెప్పడానికి తుపాకీ పేల్చాడట.

1896లో మార్కోనీ ఇంగ్లండు వెళ్లాడు. అక్కడి తపాలా శాఖ ముఖ్య ఇంజనీరు విలియం ప్రీస్ సాయం చేశాడు. 1897 మేలో ఫ్లాట్ హోమ్ అనే దీవి నుంచి వేల్స్ తీరంలోని లావర్నాక్ పాయింట్‌కు, సముద్రం మీదుగా అయిదారు కిలోమీటర్లు, సంకేతం పంపాలని చూశారు. రిసీవర్‌ను గట్టు మీద, ఎత్తైన స్తంభం పక్కన పెట్టారు. మొదటి రెండు రోజులూ సరిగా అందలేదు. మే 13న రిసీవర్‌ను గట్టు కింద ఇసుకలోకి దించి, స్తంభం నుంచి వచ్చే తీగకు ఇంకో 18 మీటర్లు అతికించారు. వెంటనే సంకేతాలు స్పష్టంగా వచ్చాయి! కిందికి దిగితే మెరుగవడం ఏమిటి అనిపిస్తుంది కదా? దిగింది పెట్టె మాత్రమే. తీగ కొస పైనే ఉంది, తీగ మొత్తం పొడవు పెరిగింది.

1901 డిసెంబరు 12న మార్కోనీ న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్‌లో గాలిపటం ఎగరేసి, దానికి తీగ కట్టాడు. అట్లాంటిక్ అవతల ఇంగ్లండులోని పోల్డూ నుంచి మోర్స్ భాషలో "ఎస్" అక్షరం, అంటే మూడు చుక్కలు, విన్నానని చెప్పాడు. నిజంగా విన్నాడా అని నేటికీ వాదించేవాళ్లున్నారు. ఎందుకంటే అది చెవితో విన్నదే, కాగితం మీద నమోదు కాలేదు. 1902 ఫిబ్రవరిలో ఓడలో పోతూ సుమారు 2,500 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చిన సంకేతాలను కాగితపు పట్టీ మీద నమోదు చేసి చూపించాడు.

మార్కోనీ తరంగాలు చాలా పొడవైనవి, అందుకే ఆయనకు అంత పొడుగు తీగ కావలసి వచ్చింది. మా సెన్సార్‌ది 433 మెగాహెర్ట్జ్. దాని తరంగం 69 సెంటీమీటర్లు, అందులో నాలుగో వంతు, అంటే 17 సెంటీమీటర్ల తీగ చాలు. కానీ నేలకు ఆనుకుని, తడి ఆకుల మధ్య ఉంటే ఏ తీగైనా బలహీనపడుతుంది. అందుకని తేమ చూసే పుల్లల్ని మట్టిలోనే ఉంచి, రేడియో పెట్టెను వెదురు గడ మీద మనిషెత్తు పైకి కట్టాం. ఇనుప నీళ్ల ట్యాంకుకు దూరంగా జరిపాం. రెండు చోట్లా తీగల్ని నిలువుగా నిలబెట్టాం. అదే పాత బ్యాటరీతో కబురు గదిలోకి వచ్చింది.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాం. ఇప్పుడు మా సెన్సార్ మట్టి తడిగా ఉన్నా సరే, గంటకోసారి "ఉన్నాను" అని చెబుతుంది. చెప్పకపోతే ఎవరో ఒకరం తోటకు పరుగెత్తుతాం. సెన్సార్ మూగగా ఉంటే అంతా బాగుందని అనుకోకూడదని ఆ ఎండిన మొక్కలే మాకు నేర్పాయి.